పెద్దమ్మకు నచ్చిన ఇల్లు

మూడు ఆదివారాలుగా చూసిన ఇళ్ళన్నీ పెద్దమ్మ నోటికి బలైపోతున్నాయి.

ఆలుమగలు ఉంటున్న ఇల్లు కూలగొట్టి అక్కడ ఇరవై అంతస్తులు లేపుతారట. నెలాఖరుకల్లా ఖాళీ చేయమన్నారు. ఊరు ఎటు చూసినా ఒళ్ళు చేస్తూనే ఉంది. నిన్నటి మొక్కజొన్న చేను ఇవాళ ‘ఫేజ్ టూ’. ఇళ్ళకేం కొదవ లేదు, ఎటైనా పోవచ్చు. పెద్దమ్మ అక్కడికి వస్తానంటేనే.

రానంటే ఏమవుతుందో ఆలుమగలిద్దరికీ బాగా తెలుసు. పోయిన వేసవిలో ఆవిడ పది రోజులు కూతురి దగ్గరికి వెళ్ళింది. మూడో రోజుకి మొగుడూ పెళ్ళాల మధ్య మాటల్లేవు. ఐదో రోజుకి నలుగురూ గిన్నెల మూతల్లో తిన్నారు. కవల పిల్లలు ఇప్పటికీ ఆ రోజుల్ని ఏదో వరదలొచ్చిన ఏడాదిలా చెప్పుకుంటారు.

అందుకే కారులో ముందు సీటు పెద్దమ్మది. మొగుడు డ్రైవరు. పెళ్ళాం వెనక సీట్లో ఆవిడ చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటుంది. వాళ్ళ ముందు స్కూటరు మీద బ్రోకరు.

ఈ ఆదివారం మొదటిది చెరువు పక్కన పద్నాలుగో అంతస్తు. గేటు దగ్గర యూనిఫాం కుర్రాడు కారాపి, పేర్లు రాసుకుని, ఫొటో తీసి, సంచీ తెరవమన్నాడు.

“వచ్చిన ప్రతిసారీ నా సంచీ వీడికి చూపించాలా?” అంది పెద్దమ్మ. కారు దిగనే లేదు. చెరువు ఎటువైపుందో కూడా ఎవరూ చూడలేదు.

రెండోది ఇంట్లోంచే మెట్లున్న ఇల్లు. కింద రెండు గదులు, పైన మూడు. పెళ్ళానికి చూడగానే ప్రాణం లేచొచ్చింది. ఏ కుండీ ఎక్కడ పెట్టాలో కూడా మనసులో అనుకుంది. పెద్దమ్మ చెప్పు విప్పి, పాలరాతి మీద పాదం ఒకసారి అటూ ఇటూ రాసి చూసింది.

“ఇంత నేలెందుకు మీకు? కబడ్డీ ఆడతారా?”

తర్వాత స్నానాల గదుల తలుపులు వరసగా తీసుకుంటూ పోయింది. నాలుగో తలుపు దగ్గర ఆగి, ఇవన్నీ ఎవరు కడుగుతారని అడిగింది. తానే కడుగుతానన్నాడు మొగుడు. పెద్దమ్మ ఆయన వంక చూసింది. పోయిన వేసవి గుర్తొచ్చి ఆయన తల దించుకున్నాడు.

బ్రోకరు ఈ వృత్తిలో ఎందరో అత్తగార్లను చూసినవాడు. వాళ్ళను మంచి చేసుకుంటే తప్ప బేరం తెగదని తెలుసు. మేడ మీద గాలొచ్చే గది తలుపు బార్లా తెరిచి, “అమ్మగారూ, ఇది మీకు చక్కగా సరిపోతుంది,” అన్నాడు.

“నాకు గదెందుకు అబ్బాయ్? వంటగది చూపించు.”

ఇంత తక్కువ కోరికలున్న పెద్దమనిషిని అతడు ఎన్నడూ చూడలేదు. అయినా బేరం పోతోందన్న మంట మంటే. మొగుణ్ణి పక్కకి లాగి, ముందు ఇల్లు ఖాయం చేసేయమనీ, పెద్దవాళ్ళు నాలుగు రోజులు సణిగి వాళ్ళే అలవాటుపడతారనీ చెవిలో ఊదాడు. అది పెళ్ళాం చెవిన పడింది.

“ఈయన్ని వదిలేసైనా ఉంటాను గానీ, ఆవిడ లేకుండా ఒక్క పూట ఉండలేను,” అంది.

మొగుడు నొచ్చుకోలేదు సరికదా, తనదీ అదే మాట అన్నట్టు తలూపాడు. ఇలాంటి మాట తన తల్లి గురించి ఒక్కసారి తన పెళ్ళాం నోట వింటే చాలు, జన్మ ధన్యమనుకున్నాడు బ్రోకరు.

మూడోది ఇరుకు సందులో మూడంతస్తుల పాత మేడలో ఒక వాటా. లిఫ్టు లేదు. హాలు కిటికీ తీస్తే టైర్ల షాపు గోడ. పడగ్గదిలో మంచం వేస్తే మనిషి పక్కవాటుగా నడవాలి. ఇది కూడా చూపించానని అనిపించుకోవడానికే బ్రోకరు ఆపాడు.

పెద్దమ్మ ముందు సందు మొగలోని బస్‌స్టాపు చూసింది. లోపలికొచ్చి కుళాయి తిప్పింది. నీళ్ళు దూకాయి. సింకు ముందు నిలబడి చేతులు లోపల పెట్టి చూసి, “నడుం వంచక్కర్లేదు,” అంది. పైన ఎవరెవరుంటారో వాచ్‌మన్‌ని ఆరా తీసి, పలకరించొస్తానని మెట్లెక్కిపోయింది.

ఆలుమగలు పరీక్ష ఫలితాల కోసం నిలబడ్డ పిల్లల్లా హాల్లో నిలబడ్డారు.

“మన సోఫా ఇక్కడ పట్టదు,” అంది పెళ్ళాం.

“అమ్మేద్దాం.”

“చెరువు...”

“చెరువు చూస్తే కడుపు నిండుతుందా?”

పెద్దమ్మ ఎంతకీ దిగిరాలేదు. పైనుంచి నవ్వులు వినిపించాయి. ఇంకాసేపటికి కొంగుతో మొహం తుడుచుకుంటూ దిగొచ్చింది.

“ఇదే తీసుకోండి. నేనొస్తాను.”

పెళ్ళానికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆవిడ మనసు మారేలోపల మొగుడు అక్కడికక్కడే అడ్వాన్సు ఇచ్చేశాడు. పెద్దల మాటంటే ఇంత గౌరవమున్న జంట ఈ కాలంలో కూడా ఉన్నందుకు బ్రోకరు చేతులెత్తి మొక్కాడు.

కారు తలుపు తీసి పట్టుకుంటే పెద్దమ్మ వద్దంది. ఇక్కణ్ణుంచి బస్సులో ఎంతసేపు పడుతుందో చూసుకోవాలంది. సంచీ తీసుకుని సందు మొగదాకా నడిచింది. ముగ్గురూ సాగనంపడానికి వెనకే వెళ్ళారు. బస్సొచ్చింది. మెట్టు మీద కాలు పెట్టి, ఆవిడ వెనక్కి తిరిగింది.

“పై రెండు వాటాల్లో కూడా పని ఒప్పుకున్నాను, ముందు అక్కడ ముగించుకుని మీ దగ్గరికొస్తాను కాబట్టి, ఒకటో తారీఖు నుంచి ఎనిమిదింటికల్లా అంట్లన్నీ సింకులో పడేసి ఉంచండి.”