చేతికి అందని కబురు

పొద్దున్నే లేచేసరికి ఎర్రయ్య కుడిచెయ్యి మణికట్టు దగ్గర వాలిపోయి ఉంది.

ఎత్తబోతే లేవదు. వేళ్ళు ముడుచుకుంటున్నాయి గాని తెరుచుకోవడం లేదు.

ఆవిరింజన్ల కాలం. ఖరగ్‌పూర్ వర్క్‌షాపులో పద్నాలుగు పౌన్ల సమ్మెట కొట్టే చెయ్యి అది!

"ఓలమ్మో, నా కొడుకు సెయ్యి పడిపోనాదే!" అని తల్లి దాలమ్మ లబోదిబోమంది.

ఆమె చూపు సరాసరి కొత్తకోడలి మీదికి పోయింది.

"కోడలొచ్చిన ఏళ, గొడ్డొచ్చిన ఏళ అని ఊరికే అన్నారేటి? ఇది కాలెట్టి ఇరవై దినాలు అవనేదు. సుక్రారం బండికి పుట్టింటికి పంపీరా!"

చిట్టెమ్మ పొయ్యి దగ్గరే కూలబడింది. "నానేటి సేసినాను మావా?"

ఎర్రయ్యకేం తెలుసు? తన చెయ్యి తన మాట ఎందుకు వినడం లేదో తనకే తెలియదు.

సాయంత్రం టీకొట్టు బల్లమీద కూచుని తోటివాళ్ళకి తన గోడు చెప్పుకుంటుంటే, పక్కనున్న ముసలాయన చేతిలోంచి గ్లాసు జారి భళ్ళున పగిలింది.

ఆయన్ని అక్కడ ఎవరూ ఎరగరు. మనిషి చిక్కిపోయి ఉన్నాడు. మాట ముద్దముద్దగా వస్తోంది.

"సీకటి పడకుండానే ఏసేసి వొచ్చినాడ్రా!" అని ఎవడో నవ్వాడు.

ముసలాయన పట్టించుకోలేదు. "మోచెయ్యి చాపు నాయనా," అన్నాడు.

ఎర్రయ్య చాపాడు.

"మణికట్టు ఎత్తు."

లేవలేదు.

"భయం లేదు. కేబిన్లో లీవరు లాగితే తీగ వెంట ఎక్కడో ఉన్న సిగ్నల్ కదులుతుంది కదా? ఇదీ అంతే. నరం వెంట కబురొస్తే కండ బిగుస్తుంది, కబురాగితే వదులవుతుంది. నీ కండ బాగానే ఉంది. కబురే అందడం లేదు. తీగ ఇక్కడ నలిగింది," అని దండచెయ్యి వెనక తాకాడు.

"ఎలా నలిగినాది?"

"రాత్రి ఈ చేతిమీద తల పెట్టుకుని ఎవరు పడుకున్నారు?"

టీకొట్టంతా గొల్లుమంది.

ఎర్రయ్య మొహం కందగడ్డయింది. "సిగ్గు నేదేటి ముసిలోడా! నా ఆడదాని సంగతి నీకేటి?" అని ఎడంచేత్తో ఒక్క తోపు తోశాడు.

ముసలాయన బల్లమీంచి పడ్డాడు. లేవడానికి తంటాలు పడుతూనే అరిచాడు.

"ఆరు వారాల్లో అదే లేస్తుంది! ఆ పిల్లని ఎక్కడికీ పంపకు!"

ఎర్రయ్య వెనక్కి చూడలేదు.

కాని ఆ మాట నిజమే. ముందురాత్రి పుట్టిల్లు తలుచుకుని చిట్టెమ్మ ఏడుస్తుంటే, తలకింద చెయ్యి పెట్టి నిద్రపుచ్చాడు. తిమ్మిరెక్కినా, పిల్ల లేస్తుందేమోనని తియ్యలేదు.

ఈ సంగతి కన్నతల్లితో ఏ నోటితో చెప్తాడు? అయినా కొబ్బరికాయంత తల సమ్మెట కొట్టే చేతిని పడగొడుతుందా? ఎంత ఆలోచించినా ఎటూ తేలలేదు.

శుక్రవారం చిట్టెమ్మ ట్రంకుపెట్టెతో పలాస బండెక్కింది. ఎర్రయ్యే ఎడంచేత్తో పెట్టె అందించాడు.

ఆరో వారంలో మణికట్టు లేచింది!

"సూసినావా? అది ఎల్లిపోనాది, సెయ్యి వొచ్చీసినాది. ఇంక దాన్ని తేవొద్దు," అంది దాలమ్మ.

ఎర్రయ్య బుర్ర తిరిగిపోయింది. అమ్మ మాట నిజమా, ముసలాయన మాట నిజమా?

ఫిట్ సర్టిఫికెట్ కోసం రైల్వే ఆసుపత్రికి వెళ్తే, డాక్టరు చెయ్యి చూసి, సొరుగులోంచి ఒక ఉత్తరం తీశాడు.

"టీకొట్టు దగ్గర నీతో మాట్లాడిన పెద్దాయన పంపారు. చెయ్యి లేచిన రోజున నీకు చదివి వినిపించమన్నారు."

చదివాడు.

"ఎర్రయ్యా, నీ భార్యని పంపేశావని విన్నాను. చెయ్యి ఎలాగూ లేస్తుంది. ఆమె వెళ్ళింది కాబట్టే లేచిందని మీవాళ్ళంటారు. నమ్మకు. ఆమె నీ పక్కనే ఉన్నా ఇప్పటికి లేచేదే. వెళ్ళి తెచ్చుకో."

ఆడమనిషి చేతిరాత అది. కింద సంతకం లేదు, వేలిముద్ర ఉంది.

ఎర్రయ్యకి ఏడుపు ఆగలేదు.

"రేపే బండెక్కుతాను బాబూ. సిగ్గిడిసి అమ్మకి అంతా సెప్పీసి మరీ ఎల్తాను. ముందు ఆ ముసిలాయన కాళ్ళట్టుకోవాల. ఏలిముద్రగాడు పాపం, ఆయనకి ఇంత సంగతి ఎవులు సెప్పినారు బాబూ?"

డాక్టరు కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టాడు.

"ఆయన మొన్న ఆదివారం పోయారు ఎర్రయ్యా. నీ నరం నలిగిందంతే, ఆయన నరాలు ఒక్కొక్కటే చచ్చిపోతూ వచ్చాయి. కలం పట్టే వేళ్ళకి కూడా కబురందక, ఈ ఊళ్ళో ఉన్న కూతురి చేత రాయించి ఆ ముద్ర వేశారు. మెడికల్ కాలేజీలో మాకందరికీ నరాల పాఠం చెప్పిన ప్రొఫెసర్ జ్ఞానరత్నం గారాయన."