కొట్టు వదిలి కేకలేసిన దర్జీపిట్ట

మేడిచెట్టు మూడో కొమ్మ మీద పైడి అనే దర్జీపిట్ట ఆకులు కుట్టి ఉయ్యాలలు అమ్మే కొట్టు పెట్టింది. "తొలకరి పడేలోగా ఒక్క బేరమైనా తగలకపోతే కొట్టు ఎత్తేసి నాతో పురుగులేరడానికి రావాలి," అని వాళ్ళమ్మ తేల్చి చెప్పేసింది.

పైడి ఊరుకునే రకమా! తెల్లారగానే వాగు ఒడ్డుకి ఎగిరిపోయి, "ఆకు ఉయ్యాలలమ్మా, ఆకు ఉయ్యాలలు! పట్టు కుట్టు, గట్టి కుట్టు!" అని పొద్దుగూకేదాకా గొంతు చించుకునేది. విన్నవాళ్ళందరూ తలలూపేవాళ్ళు. తీరా కొమ్మ మీదికొచ్చి చూసుకుంటే ఎక్కడి ఉయ్యాలలు అక్కడే ఉండేవి.

నాలుగోనాడు మబ్బు పట్టింది. కింది కొమ్మ మీద ఉండే ఉడుత బొండక్క ఇక ఆపుకోలేక పకపకా నవ్వేసింది.

"ఓసి పిచ్చిదానా, నీ కేక విని రోజూ పదిమంది వస్తున్నారే! కొట్టులో నువ్వుంటేగా? ఇదెప్పుడూ మూసే ఉంటుందని తిట్టుకుంటూ పోతున్నారు."

పైడి నోరు తెరిచేసింది. ఆ తర్వాత తనకే నవ్వొచ్చింది. "అయితే అక్కా, ఇక నేనిక్కణ్ణుంచి కదలను. నువ్వు ఈ ఉయ్యాల ఎక్కి ఊగు."

"నా ఒళ్ళు చూశావా? తెగుతుందేమోనే!"

"తెగితే నా కొట్టు పోయినట్టే. ఎక్కు."

బొండక్క ఎక్కింది. ఉయ్యాల కిర్రుమంది గానీ తెగలేదు. సంబరం పట్టలేక బొండక్క కొట్టిన కేరింత వాగు అవతలిదాకా వినిపించింది. "బొండక్కనే మోసిందట!" అంటూ పిట్టలన్నీ వచ్చి వాలాయి.

తొలి చినుకు పడుతుండగా అమ్మ వచ్చింది. "ఏమే, కొట్టు ఎత్తేశావా?"

పైడి ఆకు మీంచి చూపు తిప్పకుండానే అంది. "వెనక నిలబడమ్మా. నీ ముందు ఏడుగురున్నారు."