తెల్లబడని చెయ్యి

"చెయ్యి కదపొద్దండి."

మాస్కు చాటు నుంచి ఆ అమ్మాయి అన్నది అంతే. వెంకటరత్నం చెయ్యి కాదు కదా, ఊపిరి కూడా గట్టిగా తీయలేదు.

నందిగామ బైపాసు పక్కన కొత్తగా పెట్టిన మందుల పరీక్షా కేంద్రం అది. దురదలకీ దద్దుర్లకీ పూసే స్టీరాయిడ్ ఆయింట్‌మెంట్ల బలమెంతో అక్కడ మనుషుల చేతుల మీదే తేలుస్తారు. ముంజేతి లోపలివైపు చిన్న గుండ్రం గీసి మందు రాస్తారు. కొన్ని గంటలాగి తుడిచి చూస్తారు. మందు ఎంత బలమైనదైతే అక్కడ చర్మం అంత తెల్లగా పాలిపోతుంది.

కొందరి ఒళ్ళు మాత్రం ఏ మందుకీ లొంగవు. అలాంటివాళ్ళు పనికిరారు. అందుకే ముందు ఒక్క గుండ్రంతో చూస్తారు. అది తెల్లబడితే రేపు అసలు పరీక్ష. రోజంతా గంటగంటకీ ఆ అమ్మాయే వచ్చి చెయ్యి పట్టుకుని చూస్తుంది. తెల్లబడకపోతే ఇంటిదారే.

వెంకటరత్నానికి ఇప్పుడు లోకంలో కావలసింది ఆ గుండ్రం తెల్లబడటమే. కాఫీ తాగకూడదన్నారు. లేవగానే కాఫీ పడందే పలకని మనిషి, మానేశాడు. చుట్ట ముట్టలేదు. మిరపతోటకి పురుగుమందు తెస్తానని భార్య పుష్పవతితో అబద్ధమాడి, జగ్గయ్యపేటలో మొదటి బస్సు ఎక్కాడు.

మందు రాసి ఆ అమ్మాయి అటు వెళ్ళగానే పక్క కుర్చీలో రాంబాబు నోరు విప్పాడు. చందర్లపాడు మనిషి. ఇలాంటి పరీక్షలకి పాతకాపు.

"పదెకరాల ఆసామివి, నీకెందుకు బాబాయ్ ఈ తద్దినం? ఇంట్లో పిల్లలు వద్దన్లా?"

వెంకటరత్నం ముఖం మాడిపోయింది.

"ఒక్కతే కూతురు. మొన్న శ్రావణంలో పెద్దకర్మ చేసేశాం."

రాంబాబు నాలిక్కరుచుకున్నాడు. "అయ్యయ్యో! పాడు నోరు. తెలీక అన్నా బాబాయ్."

"నువ్వేం చేస్తావులే."

ఆ పెద్దకర్మ గురించి జగ్గయ్యపేటలో ఇప్పటికీ చెప్పుకుంటారు. వెంకటరత్నమే దగ్గరుండి జరిపించాడు. ఫొటోకి తన చేత్తోనే దండ వేశాడు. బంతిలో అందరికీ కొసరి కొసరి వడ్డించాడు. కంటతడి పెట్టలేదు. గుండె రాయి చేసుకున్నాడన్నారు చుట్టాలు. ఏం రాయి! ఆర్నెల్లు తిరక్కుండానే నీరైపోయింది. ఇంట్లో ఏ మూల చూసినా ఆ పిల్లే.

పోయిన వారం ఏదో పనిమీద నందిగామ వచ్చి, ఈ గేటు దగ్గర ఆ అమ్మాయిని చూశాడు. కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. లోపలికి వెళ్ళాలంటే చెయ్యి అప్పగించడం తప్ప ఇంకో దారి కనపడలేదు.

"అందుకేనా ఆ మాస్కు పిల్లనట్టా చూస్తన్నావు?" మెల్లగా అడిగాడు రాంబాబు.

"ఆమెను చూస్తుంటే మా అమ్మాయిని చూసినట్టే ఉంటది రాంబాబూ. రేపు ఒక్కరోజు చాలు నాకు."

రాంబాబు కళ్ళు తుడుచుకున్నాడు. "తెల్లబడుద్దిలే బాబాయ్. నీ బాధ దేవుడికి తెలీదా?"

మధ్యాహ్నం దాటాక ఆ అమ్మాయి వచ్చింది. మందు తుడిచింది. మణికట్టు పట్టుకుని చెయ్యి లైటు కిందకి తిప్పింది. వేళ్ళు చల్లగా ఉన్నాయి. పొద్దుట్నుంచీ ఒక మాట వెంకటరత్నం గొంతులో అడ్డం పడి ఉంది. ఇప్పుడూ బయటికి రాలేదు. రేపు రోజంతా ఉందిగా, అప్పుడు చెబుదామనుకున్నాడు.

"తెల్లబడలేదండి."

"సరిగ్గా చూడమ్మా. ఇదిగో, ఈ వార కొంచెం పాలిపోలా?"

"లేదండి."

"పోనీ రెండో చెయ్యి చూడు. ఎండ తగలని చెయ్యి."

"కుదరదండి. మీరు రేపట్నుంచి రానక్కర్లేదు."

అయిపోయింది. వెంకటరత్నం కుర్చీలోంచి లేవబోయాడు. రాంబాబు తల తిప్పుకున్నాడు.

ఆ అమ్మాయి మాత్రం పట్టుకున్న మణికట్టు వదల్లేదు. వంచిన తల ఎత్తకుండానే, "నా పెద్దకర్మ రోజున అమ్మ అన్నం తిందా, నాన్నా?" అని అడిగింది.