నలభై ఒకటో సలహా

“ఏమన్నా, నీకు బుద్ధుందా? పందిని తరమాలంటే కంట్రోల్, ఆల్ట్, ఎన్ మూడూ కలిపి నొక్కల్నా? అంతలోకి అది శెనక్కాయలన్నీ తిని తేన్చి పోతాది!”

ఫోన్లో అంజలి అరుపుకు దేవేంద్ర చెవి గింగుర్లెత్తింది. బుక్కరాయసముద్రంలో మేడమీది గదిలో కూర్చుని, రెండేళ్లు ఒళ్లు హూనం చేసుకుని తయారుచేసిన కంప్యూటర్ గేము అది. శెనక్కాయ చేన్లో పడే అడవి పందుల్ని తప్పెట కొట్టి తరమాలి. సాయంత్రం ఐదుకు విడుదల. ఆడి చూడమని ముందుగా ఇచ్చిన పాపానికి, ఫోన్లో తప్ప పరిచయం లేని ఈ కుందుర్పి పిల్ల మీటలు మార్చమంటూ నలభై సలహాలు పంపింది. ఇది నలభై ఒకటోది.

“మౌసు తీసెయ్ అన్నా. పది వేళ్లుండగా అదెందుకు? పరుగు ఎఫ్ మీద, తప్పెట జె మీద పెట్టు. చెయ్యి కదపకుండా ఆడుకోవల్ల.”

“నువ్వు టైపు నేర్చుకున్నావు కదూ?”

“హయ్యర్, ఫస్టు క్లాసు!”

అదీ సంగతి, అనుకున్నాడు దేవేంద్ర. వేలు చోటు తప్పితే స్కేలుతో కొట్టించుకున్న బాపతు. వీళ్ల కోసం గేము మారుస్తారా ఎవరైనా?

“అమ్మా తల్లీ, ఇంక మూడు గంటల టైమే ఉండాది. ఇప్పుడు మారిస్తే నా కొంప మునుగుతాది.”

“మార్చకపోతే నాది మునుగుతాదన్నా.” ఆమె గొంతు తగ్గింది. “ఎన్ని గేములు తెచ్చుకున్నా పది నిమిషాలకే మూసేసినా. నీ గేములో శబ్దాలు వింటాంటే చేన్లోనే ఉన్నట్టుండాది. ఇదొక్కటన్నా కడదాకా ఆడుకోనీ.”

దేవేంద్ర మనసు కరిగింది గానీ పౌరుషం కరగలేదు. “సరే, పందెం. నీ మీటలు నీకు, నా మీటలు నాకు. ఓడితే నోరు మూసుకోవల్ల.”

“గెలిస్తే అందరికీ నా మీటలే!”

అరగంటలో ఆమె చెప్పినట్టే ఒక కాపీ చేసి పంపాడు. మనవాడేం తక్కువ తినలేదు. ఇద్దరూ ఒకే చేన్లో దిగి ఆడే, గాలిదుమారం లేచే ఆఖరి ఆట ఎంచాడు. తెరంతా ఎర్రమట్టి, ముక్కు ముందున్న పంది కూడా కనబడదు. చేసినవాడికే చెమటలు పట్టే ఆట. దీంతో పిల్ల తిక్క కుదురుతుందని ముసిముసిగా నవ్వుకున్నాడు.

దేవేంద్ర దుమ్ములో తడుముకుంటూ రెండు పందుల్ని తరిమేలోగా అవతల తప్పెట టకటకా మోగుతూనే ఉంది. పద్నాలుగు! ఇరవై! అంజలి ఒకటే కేరింతలు.

“హోయ్! పో, పో! అన్నా, నీ పక్కకొకటి వస్తాండాది, జాగ్రత్త!”

నిజంగానే వచ్చింది. వచ్చి దేవేంద్రను ఎత్తి కుదేసింది. ముప్పై ఒకటికి నాలుగు! చిత్తుగా ఓడిన మనిషికి ఏడుపు రావాలి గదా, నవ్వాగలేదు. ఈ రెండేళ్లలో తన గేమును ఇంత సంబరంగా ఆడినవాళ్లు ఒక్కరూ లేరు మరి.

మాటంటే మాటే. నాలుగున్నరకల్లా మీటలన్నీ మార్చేశాడు. అంతటితో ఊరుకోక, గేము మొదట్లో కృతజ్ఞతలని ఆమె పేరు పెద్దక్షరాల్లో ఎక్కించి పంపాడు.

“అంజలీ, నీ పేరు పెట్టినా. ఎరుపు బాగుండాదా, పసుపు చేసేదా? బిరీన చూసి చెప్పు.”

సంతోషం పట్టలేక ఆమె నవ్వుతోందో ఏడుస్తోందో అర్థం కాలేదు.

“ఏ రంగైనా పెట్టు,” అంది చివరికి.

“నాకు కండ్లు కనపడవన్నా.”