రెండో వైపు

సముద్రం చూసి తిరిగొస్తూ ఉయ్యూరు చెరకు తోటల మీదికి రాగానే, చిన్న విమానం ఇంజను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది.

కొత్తగా లైసెన్సు తెచ్చుకున్న లక్ష్మీకాంత్ కంగారుగా మీటలన్నీ లాగుతున్నాడు. పక్క సీట్లో అతని భార్య ఉషశ్రీ ఏడు నెలల కొడుకుని గుండెకి అదుముకుంది.

"పెట్రోలు అయిపోయిందాండీ?"

"రెండు రెక్కల్లో రెండు ట్యాంకులున్నాయి. రెండిట్లోనూ పోయించాను. నువ్వు కాసేపు మాట్లాడకు."

కింద చెరకు దగ్గరికొచ్చేస్తోంది. ఆమె మాట్లాడకుండా ఉండలేకపోయింది.

"ఇంతసేపూ ఏ వైపు తాగింది?"

"ఎడం వైపు."

"బయల్దేరినప్పట్నుంచీ అదేనా?"

అతను చటుక్కున చెయ్యి చాపి, సీట్ల మధ్యనున్న మీటని కుడి ట్యాంకుకి తిప్పాడు. ఇంజను గుర్రుమని, ఇంకోసారి దగ్గి, అందుకుంది. విమానం మెల్లగా పైకి లేచింది.

చెరకు తోటలు దాటాక అతను ఆమె వైపు తిరిగాడు.

"అరగంటకోసారి వైపు మార్చమని విమానం నేర్పిన మా సారు చెప్పారు. నీకెవరు చెప్పారు? తొమ్మిదితో బడి మానేశావుగా."

"మీ వాడే చెప్పాడు. పాలు తాగేటప్పుడు ఒక వైపు ఖాళీ అయితే వీధంతా లేచేలా అరుస్తాడు. మీ ఇంజను నయం, దగ్గి ఊరుకుంది."

"మరి ఏ వైపో నీకెలా గుర్తుంటుంది?" ఈసారి నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు.

ఉషశ్రీ తన జాకెట్టుకున్న పిన్నీసు తీసి, అతని చొక్కా కుడి భుజానికి గుచ్చింది.

"తాగుతున్న వైపు ఇది ఉండాలి. మార్చినప్పుడల్లా దీన్నీ మార్చాలి. తెలిసిందా?"

లక్ష్మీకాంత్ వాచీ చూసుకున్నాడు.

"అలాగేనండీ," అన్నాడు.