మూడు రంగులు, ఒక కుంచె

దొబ్రింక టీచర్ ఎర్ర పెన్సిలు తీసి, కార్యదర్శి కళ్లెదుటే ఆయన టైపు చేయించిన జాబితాను అడ్డంగా కొట్టేసింది.

"ఇరవై నాలుగు రంగుల పెట్టె వద్దు. ఆరు కుంచెల సెట్టు వద్దు. ఈ పల్చటి డ్రాయింగు పుస్తకాలైతే అసలే వద్దు," అంది.

కార్యదర్శి లాచెజార్ నోరు తెరిచేలోపే తన జాబితా తీసి బల్ల మీద పెట్టింది. అందులో ఉన్నవి మూడే వరుసలు. పసుపు, ఎరుపు, నీలం రంగులు. పిల్లలకు తలా ఒకటి చొప్పున ఉడుత వెంట్రుకల కుంచె. మిగిలిన డబ్బంతా దూదితో చేసిన మందపాటి కాగితానికి.

మా ఊరి చితాలిష్టేలో, అంటే గ్రంథాలయం, నాటకాల హాలు, పిల్లల క్లాసులు అన్నీ ఒక్కచోటే ఉన్న ఆ పాత మేడలో, ఏది కొనాలన్నా కార్యదర్శి సంతకం పడాల్సిందే. లాచెజార్ చిన్నప్పుడే ఊరొదిలి రాజధాని సోఫియాకు వెళ్లి, ఈ వేసవిలోనే ఈ ఉద్యోగానికి తిరిగొచ్చాడు. దొబ్రింక ఊరు కదల్లేదు. పిల్లలు "కామ్రేడ్ టీచర్" అని పిలిచే రోజుల నుంచి ముందు బడిలోనూ, ఇప్పుడు ఇక్కడా నీటిరంగులు నేర్పుతోంది. కమ్యూనిస్టుల ప్రభుత్వం పోయాక ఆ పిలుపూ పోయింది. ఇప్పుడామె అందరికీ మేడమే. మొండితనం మాత్రం అప్పటిదే.

లాచెజార్ ఓపిగ్గానే చెప్పాడు. చేరేది కొత్త పిల్లలు, క్రిస్మస్ నాటికి సగం మంది మానేస్తారు, వాళ్లకు అంత మంచి కాగితం దేనికన్నాడు. ముందు ఈ పల్చటి కాగితం మీద నేర్చుకోనివ్వండి, పనికొచ్చేవాళ్లెవరో తేలాక వాళ్లకు మంచిది కొందామన్నాడు.

"తెగిన చెప్పులిచ్చి పరిగెత్తమంటారు, గెలిచినవాడికి మంచి జోడు కొంటారు. బాగుంది మీ న్యాయం," అందామె.

లాచెజార్ మొహం ఎర్రబడింది. "చేతిలో కళ ఉండాలి మేడమ్. ఉన్నవాడు పొట్లం కాగితం మీదైనా ఆరు తెచ్చుకుంటాడు. లేనివాడికి ఏ కాగితమిచ్చినా రెండే."

ఆరు మా బళ్లలో అన్నిటికన్నా పై మార్కు. రెండంటే తప్పినట్టే.

ఆ మాటకు దొబ్రింకకు ఒళ్లు మండింది. సంచిలోంచి రంగులు, కుంచె తీసి ఆయన ముందు పెట్టి, కొట్టేసిన జాబితాలోని రకం కాగితమే ఒకటి పక్కన పరిచింది.

"మీరే వెయ్యండి. ఏమీ లేని ఆకాశం. పైన ముదురు నీలం, కిందికొచ్చేసరికి లేత."

"నాకు రాదు."

"రానివాళ్లే కావాలి నాకు. రేపు వచ్చే పన్నెండు మందికీ రాదు."

దీని మీద ఆకాశం వస్తే మీ జాబితాకు నేనే ఒప్పుకుంటానంది. రాకపోతే తన జాబితా మీద సంతకం పెట్టమంది. రెండూ కుదరవంటే గది తలుపు మీద తన పేరు చెరిపేసుకోమంది. ఆ కాగితమిచ్చి మాత్రం పిల్లల్ని కూర్చోబెట్టేది లేదంది.

ఉత్త బెదిరింపు కాదని లాచెజార్‌కు తెలుసు. రంగుల క్లాసు మూతపడితే ఊరి పిల్లలకు ఇంకో చోటు లేదు. కోటు విప్పి కుర్చీకి తగిలించాడు. లైబ్రేరియన్ వెస్కా పెరుగు డబ్బాలో నీళ్లు తెచ్చి పెట్టి, తమాషా చూడ్డానికి అక్కడే నిలబడిపోయింది.

మొదటి గీతకే కాగితం అలలు తిరిగింది. గుంటల్లో నీలం నిలిచింది, మిట్టలు తెల్లగా ఉండిపోయాయి. సరిచేద్దామని ఆయన మళ్లీ రాశాడు. కాగితం నూగులు నూగులుగా లేచింది. ఇంకోసారి రాసేసరికి మధ్యలో చిరిగి, కింద బల్ల కనబడింది.

"చెప్పానుగా," అన్నాడు లాచెజార్. ఓడినందుకు ఆయన మొహంలో ఆశ్చర్యమేమీ లేదు.

దొబ్రింక దాన్ని పక్కకు తోసి, తన కాగితం ముక్కొకటి పెట్టింది. ముందు ఉత్త నీళ్లతో తడపమంది. తర్వాత పైనుంచి కిందికి ఒక్కసారే రంగు పట్టించి చెయ్యి తీసెయ్యమంది. మళ్లీ ముట్టుకుంటే ఊరుకోనంది.

ఆయన అలాగే చేశాడు. నీలం దానంతటదే కిందికి దిగుతూ, పల్చబడుతూ, అడుక్కొచ్చేసరికి తెల్లవారుజాము ఆకాశంలా తేలిపోయింది. వెస్కా అబ్బ అంది. లాచెజార్ కుంచె పట్టుకున్న చెయ్యి గాల్లోనే ఉండిపోయింది.

"చూశారా, అదే చెయ్యి," అంది దొబ్రింక. గెలుపు ఆమె గొంతులో దాగలేదు. "పిల్లాడికి తెలీదు కాగితం చెడ్డదని. తన చెయ్యే చెడ్డదనుకుంటాడు. మళ్లీ కుంచె ముట్టడు. ఆ చెత్త కాగితం చేతికిచ్చి, చిల్లు పడిందని రెండు వేసే టీచరెవరైనా ఉంటే, ఆ మనిషిని ఆ రోజే ఇంటికి పంపెయ్యాలి."

లాచెజార్ కుంచె కడిగి పెట్టాడు. ఆమె జాబితా దగ్గరకు లాక్కుని సంతకం చేశాడు. ఆ తర్వాత, ఇంకా తడారని తన ఆకాశాన్ని రెండు చేతులతో జాగ్రత్తగా ఎత్తి, కిటికీ వెలుగులో పట్టుకుని చూస్తూ ఉండిపోయాడు.

అనుకున్నది నెగ్గింది కదా, దొబ్రింక మెత్తబడింది. చెయ్యి బాగుందని మెచ్చుకుని, చిన్నప్పుడెందుకు నేర్చుకోలేదని అడిగింది.

"మొదలుపెట్టాను. నాలుగో తరగతిలో నా ఆకాశానికి చిల్లు పడింది," అన్నాడు లాచెజార్, కాగితం మీంచి కళ్లు తిప్పకుండా. "మీరు రెండు వేశారు, కామ్రేడ్ టీచర్."