నిద్ర రిపోర్టు

"కొన్నప్పుడు నిద్ర రిపోర్టు ఉచితమన్నారు. ఇప్పుడు నెలనెలా కట్టమంటారా? ఇదేం దోపిడీ?" ఫోన్‌లో స్మార్ట్ వాచీ కంపెనీ అమ్మాయి మీద విరుచుకుపడుతున్నాడాయన.

"యాప్ మారింది సార్. సబ్‌స్క్రిప్షన్ తీసుకుంటేనే కనిపిస్తుంది." పొద్దుట్నించీ ఈ మాటే ఎంతమందికి చెప్పిందో, గొంతు అరిగిపోయినట్టుంది.

"నా నిద్ర నేను చూసుకోడానికి మీకు డబ్బులా?"

దుప్పటి మడతపెడుతున్న భార్య విసుక్కుంది. "ఆ పిల్ల ప్రాణం ఎందుకు తోడేస్తారు? నన్నడిగితే చెప్తాగా. పడుకోగానే గురక. అర్ధరాత్రి దగ్గు. తెల్లవారుజామున ఊపిరి ఆగినట్టనిపించి భుజం తట్టాను. మళ్ళీ గురక అందుకున్నారు."

"అయితే నువ్వు పడుకోలేదా?"

"మీ గుండె ఆపరేషన్ అయిన దగ్గర్నించీ ఇంతేగా."

"నువ్వు నిశ్చింతగా పడుకుంటావనే కదే ఈ వాచీ కొన్నది!"

"అది పొద్దున చెప్తుందండీ. నాకు రాత్రే తెలియాలి."



"సార్, లైన్లో ఉన్నారా?" అంటోంది ఫోన్‌లో అమ్మాయి.

"ఉంటానమ్మా," అని ఫోన్ పెట్టేశాడు. భార్య చేతిలోని దుప్పటి తీసుకుని, మడత విప్పి, మంచం మీద మళ్ళీ పరిచాడు.

"పడుకో," అన్నాడు. "నేను కూర్చుంటా."